జాజు, బొగ్గు, తుమ్మబంక: ఆదిమ చిత్రాలు ఇంటిల్లిపాదీ వేయాలంటే

తెలంగాణలోని రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో ఇసుకరాతి చరియల కింద అడవిదున్న, దుప్పి, పులి, విల్లంబులు, వలయాలు, చతురస్రాలు కనిపిస్తాయి. ఎక్కువగా ఎరుపే. అక్కడక్కడ పసుపు, తెలుపు, ఆకుపచ్చ. 1990లో వెలుగులోకి వచ్చిన ఈ చిత్రాల్లో మధ్యరాతియుగం నాటివీ ఉన్నాయి, ఆ తర్వాత చాలా కాలానికి వేసినవీ ఉన్నాయి. గుట్ట చూసి వచ్చిన పిల్లలు ఇంట్లో కాగితం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో జింకను గీస్తారు. ఆ గీతలో ఉత్సాహం ఉంటుంది కానీ గుట్ట మీది చిత్రంతో దానికి ఆకారంలో తప్ప పోలిక ఉండదు. రాతి మీద బొమ్మ వేసినవాళ్లకు ముందు తెలియాల్సింది మట్టి. ఏ మన్నులో రంగుంది, దాన్ని ఎంత మెత్తగా నూరాలి, ఏం కలిపితే రాతికి అంటుకుంటుంది అన్నవి తేలాకే గీత. ఇంట్లో ఈ పని పెట్టుకునేవాళ్లు మూడొంతుల సమయాన్ని రంగు తయారీకే కేటాయించాలి. ఒక ఆదివారం మట్టికి, వారం తిరిగాక మరో ఆదివారం బొమ్మకు పెట్టుకుంటే హడావుడి ఉండదు.

చిన్నపిల్లలకు ఇది తగిన పనేనా అన్న అనుమానం అక్కర్లేదు. ఫ్రాన్స్‌లోని రూఫిన్యాక్ గుహలో మెత్తటి గోడ మీద వేళ్లతో లాగిన గీతలున్నాయి. వేళ్ల వెడల్పును కొలిచి చూసిన పరిశోధకులు వాటిలో చిన్నపిల్లల గీతలు కూడా ఉన్నాయని తేల్చారు.

ఎరుపే ఎందుకు మిగిలింది

పని మొదలుపెట్టే ముందు ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం పొరపాట్లు జరగవు. తెలంగాణ ఇళ్లలో గడపలకు, గోడల అంచులకు పూసే జాజులో ఎరుపునిచ్చేది ఇనుప ఆక్సైడ్, అంటే ఒక రకంగా తుప్పే. ఇనుము ప్రాణవాయువుతో ఎంత కలవాలో అంతా కలిసిపోయిన స్థితి అది. ఇక మారడానికి ఏమీ మిగల్లేదు. ఎండకు వెలవదు, నీటిలో కరగదు. దాని రేణువులు చాలా సన్నవి కాబట్టి ఇసుకరాతి రంధ్రాల్లోకి దిగి కూర్చుంటాయి. పైనున్న చరియ గొడుగు పట్టినట్టు వానను ఆపుతుంది. ఆ విధంగా వేల ఏళ్లు నిలిచింది.

ఆకులు, పూలు, పసుపుకొమ్ము ఇచ్చే రంగులు సేంద్రియమైనవి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ఆ అణువులను విరగ్గొడతాయి. బొగ్గుకు ఎండతో ఇబ్బంది లేదు. ఫ్రాన్స్‌లోని షోవే గుహలో బొగ్గుతో గీసిన జంతువులు ముప్పై వేల ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు. కానీ అది లోతైన, మూసుకుపోయిన గుహ. గాలి, వాన తగిలే చరియ కింద ముతక బొగ్గు రేణువులు నెమ్మదిగా రాలిపోతాయి. కాబట్టి పాండవుల గుట్టల్లో ఇప్పుడు కనిపించేదంతా ఒకప్పుడు వేసినదంతా అనుకోనక్కర్లేదు. నిలవగలిగిన రంగులే నిలిచాయి. అక్కడి ఆకుపచ్చ కూడా ఆకురసం అయ్యే అవకాశం లేదు, ఆకురసం అంతకాలం నిలవదు.

దీన్ని పిల్లలకు మాటల్లో చెప్పడం కన్నా చేసి చూపడం మేలు. ఒక గూనపెంక మీద వరుసగా ఐదు పట్టీలు పూయాలి: జాజు, పసుపు మట్టి, బొగ్గు, వంటింటి పసుపు, గోరింటాకు లేదా పాలకూర రసం. పెంకలో సగం అడ్డంగా అట్టముక్క కట్టి డాబా మీద ఎండలో పెట్టాలి. ఏప్రిల్, మే ఎండలకైతే కొద్ది రోజుల్లోనే పసుపు పట్టీ పాలిపోతుంది, ఆకుపచ్చ గోధుమ రంగులోకి తిరుగుతుంది. అట్ట తీసి చూస్తే దాచిన సగానికి, ఎండ తగిలిన సగానికి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జాజుకు మాత్రం ఏమీ కాదు.

మన్ను ఎక్కడ దొరుకుతుంది, ఎలా తేర్చాలి

ఓరుగల్లు చుట్టుపక్కల మంచి ఎర్రమన్నుకు దూరం పోనవసరం లేదు. ఇంటి పునాదికో, బావికో తవ్వినప్పుడు రెండు మూడు అడుగుల కింద నుంచి వచ్చే మన్ను అన్నిటికన్నా మేలు. పైపొరలో కుళ్లిన ఆకులు, వేళ్లు కలిసి రంగు మబ్బుగా ఉంటుంది. లోపలి మన్ను శుభ్రంగా, నిండుగా ఉంటుంది. ఎర్ర మొరంలో దొరికే ముదురు గులకలను పగలగొట్టి నూరితే ఇటుక రంగు కన్నా చిక్కని ఎరుపు వస్తుంది. పత్తి చేలలోంచి మన్ను తేవద్దు, మందుల అవశేషాలు ఉంటాయి. రోడ్డు పక్కది, మోరీ దగ్గరిది కూడా వద్దు. పాండవుల గుట్టల్లాంటి చారిత్రక స్థలాల నుంచి ఒక్క గులకరాయి కూడా తీయకూడదు.

నల్లరేగడి మన్ను చూడ్డానికి నల్లగా ఉంది కదా అని నలుపు కోసం వాడబోతారు. అది ఎండితే బూడిద రంగుకు వస్తుంది. పైగా తడికి ఉబ్బి, ఆరితే కుంచించుకుపోయే బంకమన్ను కనుక బొమ్మ పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. రంగుకు అది పనికిరాదు.

తేర్చే పద్ధతి ఇదీ. కిలో మన్నును ఐదు లీటర్ల నీళ్లలో ఒక పూట నానబెట్టి, గడ్డలను చేత్తో చిదిపి, కర్రతో గిర్రున తిప్పాలి. చేయి తీశాక ముప్పై అంకెలు లెక్కపెట్టాలి. ఆ కాస్త సమయంలో ఇసుక, గులకలు అడుగుకు చేరతాయి, రంగున్న సన్నమన్ను నీటిలో తేలుతూ ఉంటుంది. వెంటనే ఆ ఎర్రనీళ్లను పాత నూలుచీర గుడ్డ కట్టిన రెండో బకెట్‌లోకి వంపాలి. అడుగున మిగిలిన ఇసుకలో మరో రెండు లీటర్లు పోసి ఇంకోసారి ఇదే చేయాలి. ఎక్కువసేపు ఆగితే రంగు కూడా ఇసుకతో పాటు దిగిపోతుంది. తొందరపడితే ఇసుక కూడా వచ్చేస్తుంది, ఆ రంగు పెంక మీద గరగరలాడుతుంది. లెక్కపెట్టే పనిని ఆరేడేళ్ల పిల్లలకు అప్పగించవచ్చు, శ్రద్ధగా చేస్తారు.

రెండో బకెట్‌ను రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దుటికి పైన తేట నీరు, కింద ముద్ద ఉంటాయి. కొన్ని మన్నుల్లో నీరు తేరుకోదు, రెండో రోజుకూ ఎర్రగానే ఉంటుంది. చిటికెడు పటిక పొడి కలిపితే తేలుతున్న సన్న రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని కిందికి దిగుతాయి. తేటను చెంబుతో మెల్లగా తోడేసి, ముద్దను తాంబాళంలో పలుచగా పరిచి ఎండలో ఆరబెట్టాలి. బాగా ఆరాక పలకలుగా పగిలి వచ్చేస్తుంది. చెల్క మన్నులో ఇసుకే ఎక్కువ కాబట్టి కిలోకు పావుకిలో కూడా దిగకపోవచ్చు. అంతే చాలు, ఒక గూనపెంకకు రెండు చెంచాల పొడి సరిపోతుంది.

మన్ను తేర్చే ఓపిక లేనివాళ్లు కిరాణా దుకాణంలో జాజు కొనుక్కోవచ్చు. అయితే బజారులో జాజు పేరుతో అమ్మేదాంట్లో అద్దకపు రంగు కలిపింది కూడా ఉంటుంది. గ్లాసు నీళ్లలో చెంచాడు కలిపి రాత్రంతా ఉంచితే తెలుస్తుంది. అసలు జాజైతే సాధారణంగా పైనీరు తేటగా మారుతుంది. పైనీరు ఇంకా ఎర్రగా, గులాబీగా ఉంటే రంగు కలిసిందని అనుమానించాలి. గచ్చుకు వాడే రెడ్ ఆక్సైడ్ కూడా ఇనుప ఆక్సైడే కానీ ఫ్యాక్టరీలో చేసింది. దాని ఎరుపు అంతటా ఒకేలా, చదునుగా ఉంటుంది, మట్టిలోని తేడాలు దానిలో ఉండవు. పిల్లల చేతుల్లో అది ఇల్లంతా అంటుకుంటుంది కూడా.

పసుపును ఎరుపు చేయడం

ఈ మొత్తం పనిలో పిల్లలు కళ్లు విప్పార్చి చూసేది ఇదే. పసుపు మట్టిలోనూ ఇనుప ఆక్సైడే ఉంటుంది, దాని నిర్మాణంలో నీరు కూడా కట్టుబడి ఉంటుంది. సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడి తగిలితే ఆ నీరు పోయి ఎర్ర ఆక్సైడ్ మిగులుతుంది. కుమ్మరి ఆవంలో పసుపు ఛాయ మట్టికుండ ఎర్రగా కాలి రావడం వెనక ఉన్నదీ ఇదే. పసుపు మట్టిని కాల్చి ఎరుపు చేయడం రాతియుగం మనుషులకు కూడా తెలుసు.

పాత ఇనుప పెనం మీద గానీ మట్టి మూకుడులో గానీ వంద గ్రాముల పసుపు మట్టి పొడి వేసి, ఆరుబయట కట్టెల పొయ్యి మీద ఇరవై ముప్పై నిమిషాలు కలుపుతూ వేయించాలి. ముందు తడి పోయి రంగు తేలికవుతుంది. తర్వాత పొయ్యికి దగ్గరున్న అంచుల్లో నారింజ ఛాయ మొదలై లోపలికి పాకుతుంది. ప్రతి ఐదు నిమిషాలకూ ఒక చెంచాడు తీసి కాగితం మీద వరుసగా పోస్తే పసుపు నుంచి ఎరుపు దాకా అరడజను మెట్లు కళ్లముందు ఉంటాయి. వేడి మీద ఉన్నప్పుడు పొడి అసలు కన్నా ముదురుగా, కొంచెం ఊదాగా కనిపిస్తుంది. అది చూసి చాలనుకుని దించేస్తే చల్లారాక నారింజ దగ్గరే ఆగిపోయి ఉంటుంది. అందుకే చల్లారిన నమూనాను చూసి మాత్రమే నిర్ణయించాలి. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్లది. ఆ పెనాన్ని మళ్లీ వంటకు వాడకూడదు.

దుకాణంలో పసుపు మట్టి అని ఇచ్చింది నిజంగా మట్టేనా అన్నదీ ఇక్కడే తేలుతుంది. గరిటె మీద చిటికెడు వేసి కాలిస్తే ఖనిజమైతే ఎర్రబడుతుంది. వంటింటి పసుపో, సేంద్రియ అద్దకమో అయితే పొగ వచ్చి నల్లగా మాడుతుంది.

తెలుపు, నలుపు

తెలుపుకు సుద్ద సులువు. ముగ్గుపిండి ముతక రాతిపొడి కాబట్టి మళ్లీ నూరి, పైన చెప్పినట్టు తేర్చాలి. ఉడికించిన గుడ్ల పెంకులు కూడా మంచి తెలుపునిస్తాయి, లోపలి పొరను మాత్రం నీళ్లలో రుద్ది పూర్తిగా తీసేయాలి. పొర మిగిలితే నూరుడు పడక నార నారగా వస్తుంది, తర్వాత వాసన పడుతుంది. బియ్యప్పిండి వద్దు, చీమలు పడతాయి, వానకాలంలో బూజు పడుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి తనంతట తనే రాయిలా గట్టిపడుతుంది, అంటుకోవడానికి బంక కూడా అక్కర్లేదు. కానీ చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. దాన్ని పెద్దవాళ్లు మాత్రమే, అదీ ఎప్పుడో తడిపి ఉంచిన పాత సున్నాన్నే వాడాలి. సున్నం తగిలితే వంటింటి పసుపు ఎర్రబడుతుంది. రెంటినీ పక్కపక్కన పూస్తే పసుపు గీత అంచు ఎర్రగా మారేది అందుకే.

తెలుపుతో అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. సుద్ద తడిగా ఉన్నప్పుడు దాదాపు పారదర్శకంగా ఉంటుంది, ఆరాకే తెల్లబడుతుంది. పిల్లలు కనిపించడం లేదని మీద మీద పూస్తారు. ఆరేసరికి మందపాటి పొర తయారై పెచ్చులూడుతుంది. ఒక పూత పూసి పావుగంట ఆగాలని ముందే చెప్పాలి.

నలుపుకు కట్టెబొగ్గు. కొబ్బరిచిప్ప బొగ్గు ఇంకా నిండుగా ఉంటుంది. ఆముదపు దీపం మీద పట్టిన మసి అన్నిటికన్నా సన్నది, కాకపోతే కొంచెమే వస్తుంది. బొగ్గుపొడి నీళ్లలో వేస్తే మునగదు, పైన తేలుతుంది. అందుకని ముందు నాలుగు చుక్కల బంకనీళ్లో, గుడ్డు పచ్చసొనో వేసి ముద్దగా నూరి, ఆ తర్వాత నీళ్లు చేర్చాలి. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో నలుపు చాలావరకు మాంగనీసు ఖనిజంతో వేసినదే. ఆదిలాబాద్ ప్రాంతంలో మాంగనీసు ఖనిజం ఉన్నా దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే హాని చేస్తుంది. ఇంట్లో నూరవద్దు.

గీతలకు బొగ్గుపుల్లలు కావాలంటే పెన్సిలంత లావున్న తంగేడు, వావిలి పుల్లలను బెరడు తీసి, రేకు డబ్బాలో దగ్గరదగ్గరగా పేర్చి, మూతకు చిన్న రంధ్రం పెట్టి, మూత చుట్టూ తడిమట్టి మెత్తి నిప్పుల్లో ఉంచాలి. రంధ్రం నుంచి పొగ ఆగిపోయాక, సుమారు గంటకు, డబ్బా బయటికి తీసి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిగా ఉండగా మూత తీస్తే లోపలికి గాలి చేరి పుల్లలన్నీ బూడిదవుతాయి.

బంక పాళ్లు

రంగు రాలిపోయినా, పగిలినా పదింట తొమ్మిదిసార్లు తప్పు బంకదే. తుమ్మబంక యాభై గ్రాములు నలగ్గొట్టి వంద మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టి గుడ్డలో వడకట్టాలి. తెలుపు కోసం లేత రంగు బంకముక్కలను ఏరి విడిగా నానబెట్టుకోవాలి, ముదురు బంక తెలుపును పసుపు చేస్తుంది. రెండు లవంగాలు వేసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు నిల్వ ఉంటుంది. అడవి సరుకుగా దొరికే తపసిబంక దీనికి పనికిరాదు. అది నీటిలో కరగదు, ఉబ్బి జావలా అవుతుంది, రంగు దానిలో ముద్దలు కడుతుంది.

మూడు చెంచాల పొడిని ముందు ఉత్త నీళ్లతో ముద్ద చేసి, చెంచాడు బంకనీళ్లు వేసి చదునైన రాయి మీద పది పదిహేను నిమిషాలు నూరాలి. ఇందుకు సన్నెకల్లును వాడితే మళ్లీ పచ్చడికి వాడలేరు, విడిగా ఒక శాబాదు బండముక్క పెట్టుకోవాలి. నూరిన రంగును పెంక మీద పూసి, నీడలో అరగంట ఆరనిచ్చి, పొడి బొటనవేలితో రుద్దాలి. వేలికి పొడి బాగా అంటితే బంక తక్కువ. గీత మెరుస్తూ సన్న పగుళ్లు చూపితే బంక ఎక్కువ. ఏమాత్రమో అంటితే సరిగ్గా ఉన్నట్టు. బంక ఎక్కువైతే ఎందుకు పగులుతుందంటే, ఆరేటప్పుడు బంక కుంచించుకుంటూ కింది రంగును కూడా లాగుతుంది. అప్పుడు మరో చెంచా పొడి చేర్చి మళ్లీ నూరాలి, నీళ్లు పోస్తే ప్రయోజనం లేదు.

దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహలో సుమారు లక్ష ఏళ్ల నాటి గవ్వచిప్పల్లో ఎర్రమన్ను, బొగ్గు, ఎముకల కొవ్వు కలిపిన ఆనవాళ్లు దొరికాయి. అది చదివి నెయ్యి, ఇప్పనూనె కలిపి చూడాలనిపించడం సహజం. అవి ఆరవు. గీత చుట్టూ నూనెమరక పాకుతుంది, వారానికీ వేలికి అంటుతుంది. కొవ్వు కలపాలంటే గుడ్డు పచ్చసొనే నయం. ఒక సొనకు అంతే నీరు చేర్చి వాడితే ఆరాక గట్టిగా పట్టుకుంటుంది. ఏ రోజుది ఆ రోజే వాడేయాలి. శాకాహారుల ఇళ్లకు చింతగింజల జిగురు ఉంది. చేర్యాల నకాషీ పటాలకు బట్టను సిద్ధం చేసేటప్పుడు సుద్దమట్టి, గంజి, బంకతో పాటు చింతగింజల అంబలే కలుపుతారు. పొట్టు తీసిన గింజలను నానబెట్టి రుబ్బి ఉడికించి వడకట్టాలి. ఒకటి రెండు రోజుల్లో పులుస్తుంది కనుక కొద్దికొద్దిగా చేసుకోవాలి.

దేని మీద వేయాలి

పాత ఇళ్లు విప్పినచోట దొరికే గూనపెంకలకు మించింది లేదు. నునుపు పూత లేని కాల్చిన మట్టి కనుక రంగును లోపలికి పీల్చుకుంటుంది, పై వంపు రాతి గోడలా ఉంటుంది. నాచు గోకి, కడిగి, ఒకరోజంతా ఎండబెట్టాలి. వేసే ముందు తడిగుడ్డతో తుడిచి, పైన తడి మెరుపు పోయేదాకా ఆగాలి. ఎండిన పెంక మీద నేరుగా పూస్తే అది నీటిని ఒక్కసారిగా పీల్చేసి రంగు పొడిని పైనే వదిలేస్తుంది. కుంచె కదలదు, తర్వాత గీత రాలిపోతుంది. నల్లరాయి నున్నటి ముక్కలు, పాలిష్ చేసిన బండలు రంగును పీల్చవు, వాటి జోలికి పోవద్దు.

పెద్ద చిత్రం కావాలంటే రెండడుగుల పలకకు గోనెసంచి ముక్క బిగించి, ఒక పాలు జిగట ఎర్రమన్ను, రెండు పాళ్లు ఇసుక, అరపాలు సన్నగా తరిగిన వరిగడ్డి కలిపి, పిడికెడు పెండ చేర్చి, సెంటీమీటరు మందాన మెత్తాలి. నీడలో మూడు నాలుగు రోజులు ఆరాలి. ఎండలో పెడితే పైపొర ముందు ఆరి బీటలు వారుతుంది. జిగట ఎక్కువైనా బీటలే. మెత్తేటప్పుడు కొన్నిచోట్ల ఎత్తుపల్లాలు వదిలేయాలి. స్పెయిన్‌లోని అల్టమీరా గుహ పైకప్పులో ఉబ్బెత్తు రాళ్లనే దున్నల శరీరాలుగా మలచుకున్నారు. పలకను గోడకు ఆనించి పిల్లలను ముందు దాన్ని చూడమనాలి. ఏ ఉబ్బు వీపు అవుతుంది, ఏ గీర కాలు అవుతుంది అని వెతకనివ్వాలి. బొమ్మ అక్కడ నుంచి మొదలైతే కాపీ కొట్టిన జింక కన్నా ఎంతో బాగుంటుంది.

కుంచెకు వేపపుల్ల కొసను నమిలి పీచు చేస్తే చాలు. ఈతపుల్ల పీచు ఇంకా సన్న గీతనిస్తుంది. చాలా గీతలకు వేలే సరైన పనిముట్టు. శరీరం పక్కనుంచి, కొమ్ములు ఎదురుగా చూసినట్టు వేయడం రాతిచిత్రాల్లో తరచూ కనిపించే పద్ధతి. ముందు నడుము గీత ఒక్క ఊపులో లాగి, తర్వాత కాళ్లు, చివరికి లోపల నింపడం తేలిక. ఏటూరునాగారం అడవుల్లో ఉండే దుప్పి, ఎలుగుబంటి, అడవిపంది, మనుబోతు పిల్లలకు తెలిసిన జంతువులే. యూరప్ గుహల్లో కనిపించే మామూత్‌ల (అంతరించిన జూలు ఏనుగుల) కన్నా వీటినే ఎంచుకోవడం సబబు.

చేతి ముద్రలు

చేతిని గోడకు ఆనించి చుట్టూ రంగు ఊదే ముద్రలు ప్రపంచమంతటా ఉన్నాయి. ఫ్రెంచి పురావస్తువేత్త మిషెల్ లోర్‌బ్లాంషే బొగ్గును నమిలి నోటితో ఉమ్ముతూ పెష్ మెర్ల్ గుహలోని చుక్కల గుర్రాల చిత్రాన్ని తిరిగి వేసి చూపారు. పిల్లలతో అలా చేయించకూడదు, మట్టిలో ఏ లోహం ఉందో ఎవరికీ తెలియదు. రెండు గొట్టాల పద్ధతి మేలు. ఒకటి ఆరేడు సెంటీమీటర్ల సన్న గొట్టం, రెండోది పదిహేను సెంటీమీటర్లది. సన్న వెదురు ముక్కలు, జ్యూస్ స్ట్రాలు సరిపోతాయి. బొప్పాయి ఆకు కాడ కూడా బోలుగా ఉంటుంది కానీ పాలు కారకుండా కడిగి ఆరబెట్టాలి. పొట్టి గొట్టాన్ని రంగు గిన్నెలో నిలువుగా పెట్టి, రంగు పైన రెండు మూడు సెంటీమీటర్లే మిగిలేలా చూసుకోవాలి. పొడవు గొట్టం కొస దాని పైఅంచుకు సరిగ్గా తాకేలా అడ్డంగా పట్టి గట్టిగా ఊదాలి. గాలి దూసుకుపోయే చోట ఒత్తిడి తగ్గి రంగు పైకెక్కి తుంపరలవుతుంది.

రంగు ఎక్కకపోతే మూడు కారణాలే: గొట్టాల మధ్య కోణం తొంభై డిగ్రీలు తప్పింది, నిలువు గొట్టం మరీ ఎత్తుగా ఉంది, లేదా రంగు చిక్కనైంది. ఊదే రంగు పల్చగా, గుడ్డలో రెండుసార్లు వడకట్టినదై ఉండాలి. గోడకు ఇరవై సెంటీమీటర్ల దూరం నుంచి పల్చటి పూతలుగా ఊదాలి. దగ్గరగా ఊదితే చుక్కలు కలిసి కారి వేళ్ల కిందికి పాకుతాయి, ముద్ర అంచు చెదురుతుంది. ఊపిరి అందక తల తిరిగితే వెంటనే ఆపాలి. చిన్నపిల్లలకు పాత టూత్ బ్రష్‌తో చిలకరించడమే తగినది.

ముట్టకూడని రంగులు

పూజా సామగ్రి దుకాణంలో దొరికే సిందూరంలో సీసం ఉండే అవకాశం ఉంది. పాత నకాషీ పనిలో వాడిన ఇంగిలీకం పాదరసం, గంధకం కలిసింది. హరితాళంలో ఆర్సెనిక్ ఉంటుంది. ఇవి ప్రకృతిలో దొరికేవే, అయినా పిల్లల పనిలోకి రానే కూడదు. సహజం అన్న మాట చూసి నమ్మడం ఇక్కడ ప్రమాదకరం. ఎండుపొడులను నూరేటప్పుడు, జల్లెడ పట్టేటప్పుడు మాస్కు కట్టుకోవాలి, వీలైనంత తడిగానే నూరాలి. బట్టలకు అంటిన జాజు సబ్బుకు పూర్తిగా పోదు, బ్లీచింగ్ వేస్తే తుప్పు మరక ఇంకా పట్టుకుంటుంది. పాత బట్టలు వేసుకుని వాకిట్లో కూర్చోవడమే దారి. మిగిలిన రంగును బంక కలపక ముందే పొడిగా సీసాలో దాస్తే ఏళ్లు గడిచినా చెడదు. బంక కలిపినది బూజు పడుతుంది.

గుట్టకు పోవడం

రంగు తయారుచేసిన తర్వాత పాండవుల గుట్టలకు పోతే పిల్లలు చూసే తీరు మారుతుంది. ఈ గీత వేలితో లాగిందా పుల్లతోనా, రంగు పల్చనై ఎక్కడ కారింది, ఏ బొమ్మ మీద మరో బొమ్మ వచ్చింది, చరియ అంచు ఎక్కడ ఆగిందో అక్కడే బొమ్మలు ఎందుకు ఆగిపోయాయి అన్నవి వాళ్లే అడుగుతారు. ఫోటో బాగా రావాలని బొమ్మల మీద నీళ్లు చల్లే అలవాటు కొందరికి ఉంది. తడికి రంగు కాసేపు నిగనిగలాడుతుంది, కానీ ఆ నీరు రాతిలోని లవణాలను పైకి లాగి, ఆరాక తెల్లటి పొరగా మిగిల్చి బొమ్మను కప్పేస్తుంది. చేతిచెమటలోని జిడ్డూ అంతే నష్టం చేస్తుంది. సుద్దతో చుట్టూ గీయడం, పక్కన పేర్లు రాయడం అసలే వద్దు. మబ్బు లేని రోజు పొద్దున్నే పోయి, ఏటవాలు వెలుతురులో, చేయి తగలనంత దూరం నుంచి చూస్తే మాసిపోయిన గీతలు కూడా తెలుస్తాయి. ఫోన్‌లో తీసిన ఫోటోలో ఎరుపు ఛాయను పెంచితే కంటికి కనిపించనివి కొన్ని బయటపడతాయి, రాతిని ముట్టే పనే ఉండదు.